ఆడవాళ్ల సంపాదన, దేశం ఎదుగుదల: గుంటూరు, విజయవాడల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. వీలైన ఆదివారాల్లో ఇక్కడా, విజయవాడలోనూ పొదుపు సంఘాల మీటింగులకు వెళ్తుంటాను. క్లాసులో పిల్లలు అడిగేవి, మీటింగుల్లో ఆడవాళ్లు అడిగేవి, బయట బండి మీద కూర్చుని ఎదురుచూసే వాళ్ల మగవాళ్లు అడిగేవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. ప్రశ్నలు వీలైనంతవరకు వాళ్ల మాటల్లోనే ఉంచాను.

ప్రశ్న: ఆడవాళ్లు సంపాదిస్తే ఇంటికి మంచిదే. దేశానికేం ఒరుగుతుంది మేడమ్?

నలుగురు పెద్దవాళ్లున్న ఇల్లు ఇద్దరి సంపాదనతో గడవడం వేరు, ముగ్గురి సంపాదనతో గడవడం వేరు. దేశమైనా అంతే. అయితే నాకు అంతకంటే పెద్దదిగా కనిపించేది, ఎవరు ఏ పనిలో ఉన్నారన్న సంగతి. లెక్కల్లో దిట్ట అయిన పిల్ల ఇంటర్‌తో ఆగిపోయి, ఆ తెలివిలో సగం లేని తమ్ముడు మేనేజ్‌మెంట్ కోటాలో బీటెక్ చదివితే నష్టం ఆ పిల్ల ఒక్కదానిదే కాదు. అమెరికాలో 1960లో డాక్టర్లు, లాయర్లలో నూటికి 94 మంది తెల్లజాతి మగవాళ్లే. 2010 నాటికి అది 62కి దిగింది. ఆ యాభై ఏళ్లలో అక్కడ తలసరి ఉత్పత్తి ఎంత పెరిగిందో చూసి, అందులో 20 నుంచి 40 శాతం దాకా ఇలా ఆడవాళ్లకూ నల్లజాతివాళ్లకూ తలుపులు తెరుచుకోవడం వల్ల వచ్చిందేనని నలుగురు ఆర్థికవేత్తలు 2019లో లెక్క కట్టారు.

ఇంకోటి, డబ్బు ఎవరి చేతికి వస్తుందన్న దాన్ని బట్టి దాని ఖర్చు మారుతుంది. దక్షిణాఫ్రికాలో 1990లలో నల్లజాతి వృద్ధుల పింఛను బాగా పెంచారు. ఎస్తేర్ డుఫ్లో అనే ఆర్థికవేత్త ఆ ఇళ్ల పిల్లల ఎత్తు, బరువు కొలతలు పరిశీలించారు. పింఛను అమ్మమ్మ చేతికో నాయనమ్మ చేతికో వచ్చిన ఇళ్లలో మనవరాళ్లు పుష్టిగా ఎదిగారు. తాతయ్య చేతికి వచ్చిన ఇళ్లలో ఆ తేడా కనపడలేదు. ఈ మాట చెప్పిన ప్రతి మీటింగులోనూ ఎవరో ఒకరు నవ్వుతారు, ఎవరో ఒక తాతయ్య మొహం మాడ్చుకుంటారు.

‘ఆడవాళ్లు మగవాళ్లతో సమానంగా పనిలోకి వస్తే జీడీపీ ఇన్ని లక్షల కోట్లు పెరుగుతుంది’ అనే అంకెల్ని మాత్రం నేను పెద్దగా పట్టించుకోను. మెకిన్సీ అనే కన్సల్టింగ్ సంస్థ 2015లో అలాంటి అంచనా ఒకటి వేసింది: పూర్తి సమానత్వం వస్తే 2025 నాటికి ప్రపంచ ఉత్పత్తి ఏడాదికి 28 లక్షల కోట్ల డాలర్లు అదనంగా పెరగవచ్చని. 2025 వచ్చింది, వెళ్లింది. సమానత్వం రాలేదు కాబట్టి ఆ అంచనా నిజమో కాదో తేల్చే వీలూ లేదు. పోస్టరు మీద బాగుంటాయి ఇలాంటివి.

ప్రశ్న: అయితే ముందు దేశం ఎదగాలా, ముందు సమానత్వం రావాలా?

డుఫ్లోయే 2012లో దీని మీద ఒక పెద్ద వ్యాసం రాశారు. ఎదుగుదల ఆడవాళ్లకు కొంత మేలు చేస్తుంది, ఆడవాళ్ల మేలు ఎదుగుదలకు కొంత తోడవుతుంది, కానీ ఒకటి వస్తే రెండోది దానంతటదే వచ్చేస్తుందని నమ్ముకోకూడదు అన్నది దాని సారం. ఎదుగుదల కోసం కాకపోయినా, న్యాయం కోసమైనా సమానత్వం కావాలని కూడా ఆవిడ అంటారు. నా అభిప్రాయమూ అదే. ‘జీడీపీకి పనికొస్తారు కాబట్టి ఆడవాళ్లకు హక్కులిద్దాం’ అంటే, రేపు పనికిరారని తేలితే తీసేసుకుంటారా?

ప్రశ్న: మా ఇళ్లలో ఆడవాళ్లు ఎప్పుడూ పని చేస్తూనే ఉన్నారు. మరి ప్రభుత్వ లెక్కల్లో అంత తక్కువ ఎందుకు?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకు నేను మా పెద్దమ్మ సంగతి చెబుతాను. మంగళగిరిలో వాళ్లది నేత ఇల్లు. పెదనాన్న గుంట మగ్గం మీద కూర్చుంటే, పెద్దమ్మ వసారాలో రాట్నం తిప్పుతూ కండెలు చుడుతుంది. కండె అందకపోతే మగ్గం ఆగిపోతుంది. ఒకసారి నేను అక్కడ ఉండగానే సర్వే అబ్బాయి వచ్చాడు. ‘మీరేం చేస్తారమ్మా?’ అని అడిగాడు. కుడిచేత్తో రాట్నం తిప్పుతూనే, ‘నేనా నాయనా, ఖాళీయే, ఇంట్లోనే ఉంటా’ అంది. అతను రాసుకున్నాడు. చీర కూలి షావుకారు పెదనాన్న చేతికే ఇస్తాడు, ఆ కూలిలో పెద్దమ్మ పని ఎంతో ఎవరూ విడదీసి చెప్పరు.

ఇక నిర్వచనాల తమాషా చూడండి. మన దేశ శ్రామిక సర్వేలో, ఇంటి వాడకానికే అయినా గేదె పాలు పితికితే అది ఆర్థికమైన పని కిందికి వస్తుంది. ఆ పాలు కాచి తోడుపెట్టి వెన్న తీస్తే రాదు. అన్నం వండటం, గిన్నెలు తోమడం, పిల్లల్ని చూసుకోవడం అసలే రావు. అదే వంట జీతానికి ఇంకొకరి ఇంట్లో చేస్తే వస్తుంది.

దేశం మొత్తం మీద ఈ లెక్కలో లేని పని ఎంతో తెలుసుకోవడానికి సమయ వినియోగ సర్వే అని ఒకటి చేస్తారు. 2024 సర్వే ప్రకారం ఇంటి పనులు చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారు, మగవాళ్లు 88 నిమిషాలు. 2019లో ఇవి 299, 97. ఐదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గాయి, సంతోషం. మగవాళ్లకూ తొమ్మిది నిమిషాలు తగ్గాయి, అదెలాగో మీరే అడగండి.

ప్రశ్న: పనిచేసే ఆడవాళ్లు 23 శాతం నుంచి 41 శాతానికి పెరిగారని టీవీలో చెప్పారు. నిజమేనా?

అంకె నిజమే. పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో పని చేస్తున్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్లు కలిపి 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. మగవాళ్లలో 78.8 శాతం. ఆరేళ్లలో ఇంత పెరగడం చిన్న విషయం కాదు.

కానీ లోపలికి వెళ్లి చూడాలి. పల్లెల్లో 47.6 శాతం ఉంటే పట్టణాల్లో 28 శాతమే. పనిలో ఉన్న ఆడవాళ్లలో 67 శాతానికి పైగా స్వయం ఉపాధి కింద ఉన్నారు. స్వయం ఉపాధి అనగానే బ్యూటీ పార్లర్ ఓనరమ్మ గుర్తుకొస్తుంది. నిజానికి పనిలో ఉన్న ఆడవాళ్లందరిలో దాదాపు 37 శాతం సొంత పొలంలోనో కొట్లోనో మగ్గం దగ్గరో జీతం లేకుండా సాయం చేసేవాళ్లు, అంటే మా పెద్దమ్మలు. నెల జీతం వచ్చే ఆడవాళ్లు 16 శాతం దగ్గరే ఉన్నారు, 2017-18లో 21 శాతం ఉండేవాళ్లు. పెరుగుదలలో కొంత భాగం సర్వే వాళ్లు అడిగే తీరు బాగుపడటం, కొంత భాగం గడవక పనిలోకి దిగడం. ఉద్యోగాలు పెరిగాయని ఈ ఒక్క అంకె చూసి చప్పట్లు కొట్టలేను.

ప్రశ్న: ఇంట్లో డబ్బు పెరిగేకొద్దీ ఆడవాళ్లు పని మానేస్తారంటారు. చదువుకున్నోళ్లు కూడా ఇంట్లోనే ఉంటున్నారు. ఎందుకలా?

2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ అమెరికా రెండు వందల ఏళ్ల లెక్కలు తవ్వి దీన్ని చూపించారు. ఊళ్లన్నీ వ్యవసాయం మీద బతికే రోజుల్లో ఆడవాళ్లు ఎక్కువగా పనిలో ఉన్నారు. ఫ్యాక్టరీలు వచ్చాక తగ్గారు. చదువులు, ఆఫీసు ఉద్యోగాలు వచ్చాక మళ్లీ పెరిగారు. గీత గీస్తే ఇంగ్లిషు ‘యు’ అక్షరంలా, మన పాత బావి మోకులా, దిగి పైకొస్తుంది.

మన జిల్లాల్లో ఆ దిగుడు మీరు కళ్లారా చూడొచ్చు. నీళ్లొచ్చి, వాణిజ్య పంటలొచ్చి నాలుగు డబ్బులు చేరాక ‘మా ఇంటి ఆడవాళ్లను పొలానికి పంపడం మానేశాం’ అని మీసం తిప్పిన తరం ఉంది. ఆడవాళ్లు ఇంటిపట్టున ఉండటమే ఇంటి హోదా. కలుపుకీ కోతలకీ వేరే ఇళ్ల ఆడవాళ్లు వస్తారు. ఆ ఇళ్ల హోదా గురించి ఎవరూ అడగరు. మిరప కోతలప్పుడు కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఇటు వలస వస్తాయి, చాలాసార్లు పిల్లల బడి మానిపించి మరీ.

పైకి ఎక్కే వైపు ఎందుకు ఆలస్యం అవుతోందంటే, డిగ్రీ చదివిన అమ్మాయికి పొలం పని వద్దు, ఆమెకు తగిన ఉద్యోగం ఊళ్లో లేదు, హైదరాబాదో బెంగళూరో పంపడానికి ఇంట్లో ఒప్పుకోరు. నా దగ్గర చదివిన అమ్మాయిల్లో ఫస్ట్ క్లాసులో పాసైనవాళ్లు చాలామంది పెళ్లి కార్డు ఇవ్వడానికి వచ్చినప్పుడే మళ్లీ కనిపిస్తారు. డిగ్రీ సంబంధానికి పనికొచ్చింది. ‘ఉద్యోగం చేయిస్తారా వాళ్లు?’ అని అడిగితే, ‘పెళ్లయ్యాక చూద్దామన్నారు మేడమ్’ అంటారు. ఆ ‘చూద్దాం’ ఎంత దూరం వెళ్తుందో నాకు తెలుసు.

కళ్లముందు ఉద్యోగం కనిపిస్తే ఇంటివాళ్ల ఆలోచన మారుతుందనడానికి ఒక రుజువు ఉంది. ఢిల్లీ చుట్టుపక్కల కొన్ని పల్లెలకు కాల్ సెంటర్ ఉద్యోగాలకు మనుషుల్ని తీసుకునేవాళ్లను మూడేళ్లపాటు పంపి రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికవేత్త పరిశీలించారు. ఆ ఊళ్లలో అమ్మాయిల పెళ్లిళ్లు వెనక్కి జరిగాయి, చిన్న ఆడపిల్లల్ని బడికి పంపడం కూడా పెరిగింది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, ఉద్యోగం ఉందని చెప్పారంతే.

ప్రశ్న: మిర్చి పనిలో మగవాళ్లకో కూలి, మాకో కూలి. సమాన వేతనం చట్టం ఉందిగా?

ఉంది. 1976లోనే సమాన వేతన చట్టం వచ్చింది. ఇప్పుడు అది వేతనాల కోడ్‌లో కలిసింది. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఒకే పనికి, ఒకేలాంటి పనికి ఆడా మగా తేడా చూపకూడదని చట్టం. కిటుకంతా ‘ఒకేలాంటి పని’ అన్న మాటలోనే ఉంది.

గుంటూరు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల దగ్గర, మిర్చి యార్డు చుట్టుపక్కల గోడౌన్లలో చూడండి. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసేది మగవాళ్లు, వాళ్లు హమాలీలు, వాళ్లకు సంఘం ఉంది, రేటు మాట్లాడుకునే బలం ఉంది. తొడిమలు తీసేది ఆడవాళ్లు, చాలాచోట్ల తీసిన బరువును బట్టి కూలి. పని వేరు కాబట్టి కూలి వేరు అంటారు. మోతకు నడుం బలం కావాలి, నిజమే. మరి ఎనిమిది గంటలు గొంతుక్కూర్చుని ఘాటులో కాయలు తుంచడానికి ఏ బలం కావాలో ఎవరు తూచారు?

నేనొకసారి ఫిబ్రవరిలో అలాంటి షెడ్డుకు వెళ్లాను. గేటు దగ్గరే తుమ్ములు మొదలయ్యాయి. లోపల అరవై డెబ్బై మంది ఆడవాళ్లు ముక్కుకు చున్నీలు, పాత చీర ముక్కలు కట్టుకుని వరసల్లో కూర్చున్నారు. మాటలు తక్కువ, తొడిమ విరిగే చిన్న చప్పుడు ఎక్కువ. గోడ పక్కన చీర ఉయ్యాలలో పసిపిల్ల ఏడుస్తోంది. తల్లి లేచింది కానీ వెంటనే ఎత్తుకోలేదు. బాటిల్లో తెచ్చుకున్న మజ్జిగతో మోచేతుల దాకా కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది, వాసన చూసుకుంది, మళ్లీ కడుక్కుంది. అప్పుడు ఎత్తుకుంది. ఆ పది నిమిషాలూ ఆమె గంపలో బరువు పెరగలేదు, కూలీ పెరగలేదు. ‘ఒకేలాంటి పని’ అన్న మాటకు ఈ పది నిమిషాలు కనపడవు.

ఇలాంటి చోట సమాన వేతన చట్టం కన్నా ముందు పనికొచ్చేవి మూడు: ఆ పనికి కనీస వేతనం ఎంతో తెలుసుకోవడం, తూకం మీ కళ్లముందు వేయించుకోవడం, హమాలీల్లాగా ఒక సంఘంగా మాట్లాడటం. నలుగురైదుగురు వెళ్లి అడిగితే ‘రేపట్నుంచి రావద్దు’ అంటారు. షెడ్డు మొత్తం అడిగితే సీజన్‌లో అలా అనలేరు.

ప్రశ్న: పిల్లల్ని చూసుకునేవాళ్లు లేకే పని మానేశాను. అంగన్‌వాడీ ఉందిగా అంటారు.

అంగన్‌వాడీలో బడికి ముందు చదువు మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు. మూడేళ్ల లోపు పిల్లలకు అందేది ప్రధానంగా పోషకాహారం. పని మానిపించేది సరిగ్గా ఆ మూడేళ్ల లోపు పిల్లలే. యాభై మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలని ప్రసూతి సెలవు చట్టానికి 2017లో చేసిన సవరణలో పెట్టారు. ఆ షెడ్డులో అరవై డెబ్బై మంది ఉన్నారు. కానీ వాళ్ల పేర్లు ఏ రిజిస్టర్‌లో ఉన్నాయో, ఉన్నాయో లేదో, ముందు అది తేలాలి.

నన్నడిగితే, ఆడవాళ్ల ఉపాధి కోసం ప్రభుత్వం ఒక్క పనికే డబ్బు పెట్టగలిగితే పసిపిల్లల సంరక్షణకే పెట్టమంటాను. అందులోనూ ఉద్యోగాలు వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లకే.

ప్రశ్న: 26 వారాల ప్రసూతి సెలవు వచ్చాక ప్రైవేటు వాళ్లు పెళ్లయిన అమ్మాయిల్ని తీసుకోవట్లేదు. చట్టం వల్ల చెడు జరిగిందా?

చట్టం మంచిదే, ఖర్చు ఎవరి నెత్తిన పెట్టారన్న దగ్గర తేడా వచ్చింది. 1961 చట్టంలో 12 వారాలున్న సెలవును 2017లో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు చేశారు. జీతం మొత్తం యజమానే ఇవ్వాలి. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర పన్నెండు మందితో నడిచే చిన్న ఆఫీసు యజమానికి అది భారమే. ఇంటర్వ్యూలో ‘పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు’ అని అడుగుతారు. మా స్టూడెంట్ ఒకమ్మాయి, ‘పెళ్లి చూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదు మేడమ్’ అంది.

ఈ ఖర్చు ఒక్కో యజమాని మీద విడిగా పడకూడదని, బీమా నుంచో ప్రభుత్వ నిధి నుంచో రావాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 నాటి ఒప్పందంలోనే ఉంది. ఈఎస్ఐలో, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమాలో, ఉన్న ఉద్యోగినికి అలాగే జరుగుతుంది, ఆ డబ్బు ఈఎస్ఐ నిధి నుంచే వస్తుంది. జీతం 21,000 లోపు ఉంటే మీ పేరు ఈఎస్ఐలో ఉందో లేదో చూసుకోండి. కూలికి వెళ్లేవాళ్లకు ఈ సెలవు అసలు వర్తించడమే అరుదు. వాళ్లకు ఉన్నది మాతృ వందన యోజన: మొదటి కాన్పుకు 5,000, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. మిర్చి సీజన్‌లో ఎన్ని రోజుల కూలితో సమానమో లెక్కేసుకోండి.

ప్రశ్న: ఫ్రీ బస్సు పెడితే ఉద్యోగాలు వస్తాయా?

బస్సు ఉద్యోగం ఇవ్వదు, ఉద్యోగం దగ్గరికి తీసుకెళ్తుంది. 2025 ఆగస్టు 15న ‘స్త్రీ శక్తి’ మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ లాంటి బస్సుల్లో ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తున్నారు. తక్కువ జీతానికి వెళ్లేవాళ్లకు ఛార్జీలే జీతంలో పెద్ద కోత. తాడేపల్లి, మంగళగిరి వైపు నుంచి విజయవాడ బట్టల షాపులకు వెళ్లే అమ్మాయిలకు ఆ కోత పోయింది. ‘బస్సు డబ్బులివ్వండి’ అని ఇంట్లో రోజూ చెయ్యి చాపడం పోయిందని ఒకామె చెప్పింది. ఆ మాట ఏ జీడీపీ లెక్కలోనూ ఉండదు.

రాత్రి తొమ్మిదికి షాపు మూసేశాక బస్టాండుకు ఎలా చేరాలి, దిగాక ఇంటిదాకా షేర్ ఆటో దొరుకుతుందా అన్నవి మాత్రం అలాగే ఉన్నాయి. టికెట్ టెన్షన్ పోయింది, చీకటి టెన్షన్ పోలేదు.

ప్రశ్న: రాత్రి షిఫ్టులు ఆడవాళ్లకు పెట్టొచ్చా?

ఆమె ఒప్పుకుంటే పెట్టొచ్చు. కొత్త కోడ్ ప్రకారం సాయంత్రం ఏడు దాటాక, ఉదయం ఆరు లోపు పని చేయించాలంటే ఆమె సమ్మతి ఉండాలి, భద్రత యజమాని బాధ్యత. నిషేధం పోవడం మంచిదే. ఆడవాళ్లను కాపాడే పేరుతో ఎక్కువ జీతమొచ్చే షిఫ్టులన్నీ మగవాళ్లకు వదిలేశాం ఇన్నాళ్లూ. ‘ఒప్పుకోకపోతే ఉద్యోగం లేదు’ అంటే మాత్రం దాన్ని సమ్మతి అనరు.

ప్రశ్న: బట్టల షాపులో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే ఉండాలి. కూర్చుంటే తిడతారు. దీనికి చట్టమేం లేదా?

బీసెంట్ రోడ్డులో, గుంటూరు బ్రాడీపేటలో షాపింగుకు వెళ్లినప్పుడు మనం కుర్చీలో కూర్చుంటాం, చీరలు పరిచే అమ్మాయి నిలబడి ఉంటుంది. కోళికోడ్‌లో షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు దీని మీదే ఏళ్ల తరబడి పోరాడారు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల చట్టాలు సవరించి సిబ్బందికి కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేశాయి. మన దగ్గరా అడగాల్సిన హక్కే. ఖర్చు ఒక స్టూలు.

ప్రశ్న: డ్వాక్రా వచ్చి ఇన్నేళ్లయింది. ఆడవాళ్ల చేతికి డబ్బు వచ్చినట్టేనా?

సంతకం చేతికొచ్చింది. డబ్బు సంగతి ఇంటింటికీ వేరు.

1990లలో సారా వ్యతిరేక పోరాటం నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకుని రాష్ట్రమంతా పాకింది. ఆ ఊపులోనే పొదుపు సంఘాలు పెరిగాయి. రోజుకో రూపాయి దాచడంతో మొదలైన గ్రూపులకు ఇప్పుడు బ్యాంకులు లక్షల్లో లింకేజీ రుణాలిస్తున్నాయి, ఇరవై లక్షల దాకా తాకట్టు లేకుండా. కిస్తీ తప్పకుండా కట్టడంలో మన ఆడవాళ్ల పేరు బ్యాంకుల్లో గట్టిది. బయటికొచ్చి మైకు పట్టుకుని మాట్లాడటం, బ్యాంకు మేనేజర్ ఎదుట కుర్చీలో కూర్చోవడం చిన్న మార్పు కాదు.

కానీ తీర్మానం పుస్తకంలో ‘పాడి గేదె కొనుగోలు’ అని రాసి, ఆ డబ్బు పొలం పెట్టుబడికో, కొడుకు ఫీజుకో, ఆయన బండికో వెళ్లడం మీకు తెలియనిదా? అందులో తప్పేం లేదు, ఇల్లు గడవాలి. దాన్ని ఆడవాళ్ల వ్యాపారం అని లెక్క రాయడమే తప్పు. అప్పు ఆమె పేరున, ఆదాయం ఆయన పేరున ఉంటే దానికి సాధికారత అని పేరు పెట్టలేను. 2010లో మైక్రోఫైనాన్స్ అప్పుల వాళ్లు వసూలు కోసం వారం వారం ఇంటి ముందు కూర్చున్నప్పుడు నలిగిపోయింది కూడా సంతకం పెట్టిన ఆడవాళ్లే. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి దాన్ని ఆపాల్సి వచ్చింది.

చేతికి డబ్బు రావడం ఎంత తేడా తెస్తుందో మధ్యప్రదేశ్‌లో చూశారు. ఉపాధి హామీ కూలిని భర్త ఖాతాలో కాకుండా ఆమె సొంత ఖాతాలో వేసి, ఖాతా వాడటం కాస్త నేర్పారు. ఆ ఆడవాళ్లు పనికి వెళ్లడం పెరిగింది, ఉపాధి పనికే కాదు, బయటి పనికి కూడా. ముందు నుంచీ ఇంట్లో ఎక్కువ కట్టడి ఉన్నవాళ్లలోనే ఈ మార్పు ఎక్కువ కనపడింది. కాబట్టి మొదట చూసుకోవాల్సింది: కూలీ, పెన్షనూ, పాల డబ్బులూ పడే ఖాతా ఎవరిది, ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంది, ఫోన్ పే ఎవరి నంబరు మీద ఉంది.

ప్రశ్న: పుట్టింటి ఆస్తిలో వాటా అడిగితే ‘కట్నం ఇచ్చాంగా’ అంటారు. దీనికీ ఉద్యోగానికీ సంబంధం ఏంటి?

చాలా ఉంది. పొలం పాసుపుస్తకం ఆమె పేరున లేకపోతే, కలుపు నుంచి కోత దాకా ఆమె చేసినా ప్రభుత్వం దృష్టిలో ఆమె రైతు కాదు, రైతు భార్య. పంట రుణం, పరిహారం, పీఎం కిసాన్ డబ్బు అన్నీ పేరును బట్టే వస్తాయి. చిన్న వ్యాపారం పెట్టుకుందామన్నా బ్యాంకు ముందు ఆస్తే అడుగుతుంది.

వారసత్వం విషయంలో మన రాష్ట్రం దేశం కన్నా ఇరవై ఏళ్లు ముందుంది. ఎన్టీఆర్ హయాంలో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం ఎంత ముందున్నా ఇళ్లలో జరిగేది వేరు: ‘పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం, ఇక్కడో సంతకం పెట్టమ్మా’. పెట్టకపోతే పుట్టిల్లు దూరమవుతుందని భయం. కట్నం ఇచ్చినా వాటా హక్కు పోదు. చట్టం ప్రకారం కట్నం ఇవ్వడమే నేరం, ఆ మాట ఎవరూ ఎత్తరు.

ప్రశ్న: సర్పంచ్ ఆడమనిషే, పెత్తనం ఆయనది. రిజర్వేషన్ వల్ల ఏం లాభం?

ఫ్లెక్సీలో ఆవిడ ఫొటో కన్నా ఆయన ఫొటో పెద్దగా ఉంటుంది, ఒప్పుకుంటాను. అయినా లాభం ఉంది. పశ్చిమ బెంగాల్‌లో ఏ పంచాయతీ ఆడవాళ్లకు రావాలో చీటీ తీసినట్టు కేటాయించారు కాబట్టి పోల్చి చూడటం కుదిరింది. ఆడవాళ్లు సర్పంచులుగా ఉన్నచోట మంచినీళ్ల మీద ఎక్కువ ఖర్చు జరిగింది. రెండు దఫాలు ఆడవాళ్లున్న ఊళ్లలో ఆడపిల్లల చదువు మగపిల్లల చదువుతో సమానమైంది. మొదటి దఫాలో భర్త నడిపితే నడిపాడు, రెండో దఫాకు ఊరికి అలవాటవుతుంది.

ప్రశ్న: ఆడవాళ్లంతా పనిలోకి వస్తే మగవాళ్ల ఉద్యోగాలు పోవా?

ఊళ్లో ఉద్యోగాలు ఇన్నేనని ఎవరూ మూటగట్టి పెట్టలేదు. ఆమె జీతంతో ఆటో ఎక్కుతుంది, టిఫిన్ కొంటుంది, పిల్లను ట్యూషన్‌కు పంపుతుంది. అవన్నీ ఇంకొకరి ఉద్యోగాలే.

ప్రశ్న: బంగ్లాదేశ్‌లో బట్టల ఫ్యాక్టరీలతో ఆడవాళ్ల బతుకులు మారాయంటారు. మనకూ అదే దారా?

మారాయన్నది నిజం. అక్కడ బట్టల రంగంలో సుమారు 40 లక్షల మంది పనిచేస్తున్నారు, ఎక్కువమంది ఆడవాళ్లు. ఫ్యాక్టరీలు దగ్గరగా ఉన్న ఊళ్లలో ఆడపిల్లలు ఎక్కువ కాలం చదివారని, పెళ్లిళ్లు ఆలస్యమయ్యాయని తేలింది. కుట్టుపనికి లెక్కలు, అక్షరాలు కావాలి కదా. అదే దేశంలో 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. గోడలకు బీటలు కనపడ్డాయని ముందురోజే తెలిసినా, పొద్దున్నే లోపలికి పంపారు. ఫ్యాక్టరీలు రావాలి. లోపలికి వెళ్లనని చెప్పగలిగే సంఘం కూడా వాటితోపాటే రావాలి.

ప్రశ్న: పనిచేసే చోట ఇబ్బంది పెడుతున్నారు. పదిమంది కూడా లేని షాపు. ఎవరికి చెప్పాలి?

పదిమంది, అంతకంటే ఎక్కువ ఉన్నచోట 2013 చట్టం ప్రకారం లోపలే కమిటీ ఉండాలి. పదిమంది లోపైతే, లేక యజమాని మీదే ఫిర్యాదైతే, జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది, కలెక్టరేట్‌లో అడగండి. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకూ అదే. మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, సరైన కారణముంటే ఇంకో మూడు నెలలు ఇస్తారు. తేదీలు, మెసేజ్‌లు దాచి ఉంచుకోండి.

ప్రశ్న: జనాభా లెక్కల వాళ్లు వస్తే ‘ఏం చేస్తారు’ అన్నదానికి ఏం చెప్పాలి?

2027 జనగణన కోసం మీ ఇంటికీ వస్తారు. చేసింది చేసినట్టు చెప్పండి. సొంత పొలంలో కలుపు తీస్తే తీస్తానని, గేదెల్ని చూస్తే చూస్తానని, కొట్లో కూర్చుంటే కూర్చుంటానని. కూలి చేతికి రాకపోయినా సరే. ఏడాదిలో ఎన్ని నెలలు చేశారో కూడా చెప్పండి, ఎందుకంటే ఆరు నెలలు దాటితే ఒక గడిలో, దాటకపోతే ఇంకో గడిలో వేస్తారు. మీ బదులు ఇంట్లో మగవాళ్లు జవాబు చెబుతుంటే మధ్యలో మాట్లాడండి.

మా పెద్దమ్మకూ ఇది చెప్పాను. ‘ఈసారి ఎవరైనా వస్తే కండెలు చుడతానని చెప్పు, ఖాళీ అనకు’ అన్నాను. ‘సరేలేవే’ అంది. కాసేపాగి, ‘వంట సంగతి చెప్పాలా, వద్దా?’ అని అడిగింది.